గోడవతలి కంప్యూటరు

మొన్న ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి కూర్చున్నానో లేదో, ఎవరిదో తెలియని ఫోన్ నాకొక ఫొటో పంపుతోందనీ, తీసుకుంటారా అనీ నా ఫోన్ అడిగింది. వద్దని నొక్కి, ఆ పెట్టెలో ఉన్నవాళ్ళందరి ముఖాలూ ఒక్కొక్కటిగా పరికించాను. రెండు యంత్రాలు తమలో తాము మాట్లాడుకుంటున్నాయంటే నాకు ఇప్పటికీ మనసులో ఏదో కలుక్కుమంటుంది. దానికి కారణం పాతికేళ్ళ నాటిది.

అప్పట్లో నేనూ, మా పెద్దమ్మ కొడుకూ నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే ఇంట్లో పక్కపక్క గదులు కిరాయికి తీసుకుని, కంప్యూటర్ మీద ఇళ్ళ ప్లాన్లు గీసి బతికేవాళ్ళం. బడంగ్‌పేట్ వైపు పొలాలన్నీ ప్లాట్లవుతున్న రోజులు కనుక ఇద్దరికీ పనికి కొదవ లేదు. ఫ్లాపీలు మోసే బాధ తప్పుతుందని గోడకు కన్నం పొడిచి, రెండు కంప్యూటర్లనూ నేరుగా కలిపే క్రాస్ కేబుల్ లాగి, డిస్కులు ఒకరికొకరం తెరిచిపెట్టుకున్నాం. అది కుదిరిన సాయంత్రం కంప్యూటర్లో ఆడిన కార్ల పందెంలో అన్న కారు నా తెర మీదికి దూసుకొస్తే, గోడకు చెరోవైపు కూర్చుని పిల్లల్లా కేకలు పెట్టాం, ఓనరమ్మ పైకొచ్చి ఏమైందని అడిగేదాకా.

అనుమానం మెట్లతో మొదలైంది. ఒక మూల ప్లాటుకు నేనెంతో కష్టపడి, వంటింటి వెనక నుంచి తిరిగి పైకెళ్ళే మెట్లు గీశాను. నెల తిరక్కుండానే అన్న గీసిన ప్లాన్‌లో అచ్చం అలాంటివే కనిపించాయి. నేను అడగలేదు, అడగకపోవడంతో అది లోలోపల పెరిగింది. అతను గోడవతల దగ్గినా నా ఫైళ్ళు చూస్తూ దగ్గాడనిపించేది. నా డిస్కు దీపం ఊరికే మిణుకుమంటే చేతులు కట్టుకుని దాన్నే చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆటలో అతను ఓడినా, కావాలనే ఓడాడేమోననుకునేవాణ్ణి.

చివరికి ఒకరోజు అన్న టిఫిన్‌కు పోయిన వేళ చూసి, అదే తీగలోంచి నేను అతని డిస్కులోకి దూరాను. అక్కడ నా పేరుతో ఒక ఫోల్డరు, అందులో ముందురోజు గీసినదానితో సహా నా ప్లాన్లన్నీ ఉన్నాయి. తీగ పీకేసి, కన్నంలో కాగితం కుక్కాను.

అన్న తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. “ఏందిర, వైరు పీకినవ్?”

“వైరస్ ఒస్తుందట,” అన్నాను.

అతను కన్నం వైపు ఒకసారి చూసి, తన గదిలోకి పోయాడు.

మూడు వారాలకు నా డిస్కు చచ్చిపోయింది. బాగుచేసేవాడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విని, లాభం లేదన్నాడు. రెండేళ్ళ పని పోయిందని నేను తలపట్టుకుని కూర్చుంటే, ఆ సాయంత్రం అన్న రెండు సీడీలు తెచ్చి నా ముందు పెట్టాడు.

“నీ డిస్కు ఎప్పటిసందో కర్‌కర్ అంటుండె. గోడవతలికి ఇనొస్తుండె. పోతే ఎట్లరా అని దినాం కాపీ చేసి పెట్టిన.”

“నన్నెందుకు అడగలే?”

“అడిగితే నువ్వు ఇంకో తీరుగ అనుకుంటవని.”

సీడీల్లో అన్నీ ఉన్నాయి, నేను తీగ పీకిన రోజు వరకు. ఆ తరువాత గీసిన బడంగ్‌పేట్ ఆసామి ఇల్లు మాత్రం లేదు, ముగ్గు పోసే ముహూర్తమేమో నాలుగు రోజుల్లో ఉంది. అన్న తన పని ఆపి, నా ప్లాన్‌లో సగం తన కంప్యూటర్ మీద తనే గీశాడు. మెట్ల దగ్గరికి వచ్చినప్పుడు, నన్ను అడగకుండానే వాటిని వంటింటి వెనక నుంచి తిప్పాడు. నేను అతని ముఖంలోకి చూశాను. అతను తెరనే చూస్తున్నాడు.

అన్న ఇప్పుడు అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఇల్లు కట్టుకున్నాడు, పెళ్ళిళ్ళలో కలుస్తుంటాం. ఆ మెట్లు నా దగ్గర తీసుకున్నవేనా అని నేనింకా అడగలేదు, దొంగచాటుగా అతని డిస్కులోకి దూరానని చెప్పనూ లేదు. ఎవరి ఇళ్ళకు వాళ్ళం గోడలు మందంగా కట్టుకున్నాం. నా యంత్రం చప్పుడు తేడాగా ఉందని పక్కగదిలో కూర్చుని దిగులుపడే మనిషి, అనుమానించడానికైనా, ఇవాళ నాకు దగ్గర్లో లేడు.