కాకకు చెప్పని రూలు

మా కాక, అంటే మా బాపు తమ్ముడు, సూరత్‌లో ఇరవై ఏళ్లకు పైగా సాంచాలు నడిపాడు. మరమగ్గాలను మేము సాంచాలంటాం. షెడ్డులో నలభై సాంచాలు ఒక్కసారిగా కొట్టుకుంటుంటే పక్కవాడు అరిచినా వినపడదు. పెదవులు చూసి, చేతి సైగలు చూసి అర్థం చేసుకోవాల్సిందే. ఆ మోతలోనే కాక చెవులు మెల్లమెల్లగా పోయాయి. ఇంటర్ మధ్యలో ఆపేసి నేను ఆయన దగ్గరికి పనికి వచ్చేనాటికి, వెనక నుంచి ఎంత పిలిచినా తిరిగి చూసేవాడు కాదు. ఎదురుగా నిలబడి నెమ్మదిగా మాట్లాడితే మాత్రం చాలావరకు పట్టుకునేవాడు.

ఆదివారాలు ఆయన రెఫరీ. వయసులో ఉన్నప్పుడు బొంబాయిలో మిల్లు పని చేస్తూ అక్కడి జట్టులో ఫుట్‌బాల్ ఆడాడట. అమ్రోలి దాటాక తాపీ నది ఒడ్డున ఒక మట్టి మైదానం ఉండేది. సాంచాల మీద పనిచేసే ఒడియావాళ్లవి రెండు జట్లు, మా తెలుగువాళ్లది ఒకటి, ఇచ్ఛాపూర్ వైపు ఫ్యాక్టరీల ఇంజనీర్లది ఒకటి. ఎవరు ఆడినా విజిల్ కాక చేతిలోనే ఉండేది. నేను జెండా పట్టుకుని గీత పక్కన పరుగెత్తేవాణ్ణి.

రెఫరీగా ఆయనకు చెవుడు ఒకరకంగా కలిసొచ్చింది. ఆటగాళ్లు పెనాల్టీ అని ఎంత గోల చేసినా ఆయనకు చేరేది కాదు. చూసింది చూసినట్టు చెప్పేవాడు. ఒడియా జట్లలో ఒకదాని కెప్టెన్ మా పక్క షెడ్డులో పనిచేసేవాడు, నెమ్మదస్తుడు. "బడే సాబ్ సున్‌తే నహీ, సిర్ఫ్ దేఖ్‌తే హై," అనేవాడు. ఆయన వినడు, చూస్తాడంతే అని. ఆ మాట మెచ్చుకోలుగానే అనేవాడు.

తొంభై నాలుగు మొదట్లో ఒక రోజు ఇంజనీర్ల జట్టు కెప్టెన్ నాకు రెండు టైపు కాగితాలు ఇచ్చాడు. కోస్తా మనిషి, మర్యాదస్తుడు.

"ఇవి మీ బాబాయిగారికి చదివి వినిపించండి. రూలు మారి ఏడాది దాటింది, మనకే ఇంకా తెలియలేదు. మన పోటీల ఫైనల్ నుంచి మనం కూడా పాటిద్దాం. మిగతా జట్లకు ఆయనే చెబితే బాగుంటుందండి," అన్నాడు.

కాకకు ఇంగ్లీషు రాదు. మర్నాడు షిఫ్టులో అన్నం తినడానికి షెడ్డు బయట కూర్చున్నప్పుడు కాగితాలు తీశాను.

"ఏందిరా అండ్ల?" అన్నాడు కాక.

"జట్టోడు కావాలని కాలితోని బంతి ఎనకకు ఇస్తే, గోల్‌కీపర్ చేత్తోని పట్టొద్దంట."

"ఎవలు పట్టొద్దు?"

మళ్లీ చెప్పాను. తలతో ఇస్తేనో అన్నాడు. తలతో ఇస్తే పట్టొచ్చన్నాను. ఆయనకు పట్టొద్దన్నట్టు అందింది. మోకాలికి తగిలి పోతేనో అన్నాడు. అవతలివాడి కాలికి తగిలి వస్తేనో అన్నాడు. ఆట విషయంలో ఆయనకు ఏదీ సగం సగం తెలిసి ఉండకూడదు. లోపల సాంచాలు ఆగలేదు. పొద్దున్నించి పోగులు తెగి తెగి నా ప్రాణం విసిగి ఉంది. నాలుగోసారి అరిచేసరికి గొంతు మండింది. కాగితాలు మడిచి జేబులో పెట్టేసుకున్నాను.

"ఏం లేదు కాకా. అంతా పాతదే," అన్నాను.

ఆ మాట మాత్రం ఆయనకు మొదటిసారికే అందింది. సరేనని తలూపి చేయి కడుక్కోవడానికి లేచాడు.

తీరిగ్గా బొమ్మ గీసి చూపించాలని అనుకున్నాను. ఒక ఆదివారం పోయింది, ఇంకొకటి పోయింది. మూడో ఆదివారం ఫైనల్. పక్క షెడ్డు కెప్టెన్ ఒడియా జట్టుకూ ఇంజనీర్లకూ.

ఆట ముగియడానికి అయిదారు నిమిషాలుందనగా ఇంకా ఎవరూ గోల్ కొట్టలేదు. ఒడియా జట్టు డిఫెండర్ ఎప్పటిలాగే బంతిని కాలితో తన గోల్‌కీపర్‌కు తోశాడు. అతను వంగి రెండు చేతులా పట్టుకున్నాడు. ఇంజనీర్లందరూ చేతులెత్తారు. నా జెండా కూడా దానంతటదే లేచింది. కాక చూసి, దించమని సైగ చేశాడు. నేను దించలేదు. విజిల్ వేసి ఆట ఆపి నా దగ్గరికి వచ్చాడు.

"ఏమైందిరా?"

అంతమంది ముందు చెప్పక తప్పలేదు. ఈసారి ఎదురుగా నిలబడి ఒక్కో మాటా విడదీసి చెప్పాను. ఒక్కసారికే అర్థమైంది. నా ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత గోల్ దగ్గరికి నడిచి వెళ్లి, బంతి అక్కడ పెట్టించి, ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్, అంటే నేరుగా గోల్‌లోకి కొట్టకూడదు, అని చేయి పైకెత్తి నిలబడ్డాడు. ఇంజనీర్లలో ఒకడు బంతిని మెల్లగా తోశాడు, ఇంకొకడు కొట్టాడు. గోల్.

ఒడియావాళ్లకు ఆ రూలు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికే తెలియదు. వాళ్ల కళ్లకు కనిపించింది ఒకటే: ఇన్నేళ్లుగా తప్పుకానిది, ఇంజనీరు సాబ్‌లు చేతులెత్తగానే తప్పయింది. ఆట అయ్యాక వాళ్ల కెప్టెన్ కాకకు ఎదురుగా వచ్చి, ఆయన పెదవులు చదువుతాడని తెలుసు కాబట్టి, నెమ్మదిగా అన్నాడు.

"బిక్ గయే, బడే సాబ్?"

అమ్ముడుపోయావా అని. కాక తనకు రూలు తెలియలేదని చెప్పొచ్చు, నన్ను చూపించొచ్చు. విజిల్ జేబులో వేసుకున్నాడంతే. కెప్టెన్ వెళ్లిపోయాక కూడా అక్కడే నిలబడి ఉన్నాడు.

ఇంటికి వస్తూ దారిలో అడిగాడు. "ఆ కాయితాలు నువ్వు చదివినవ్ గదరా?"

"చెప్పిన కాకా. నీకే ఇనపడలే," అన్నాను.

అబద్ధం ఆడుతున్నానని నాకు తెలుసు. ఆయన అనుమానించలేదు. కుడి చెవి ఒకసారి తడుముకుని, "ఇనపడలేదేమో," అన్నాడు.

తర్వాతి ఆదివారం నేను బట్టలు వేసుకుని రెడీ అయితే ఆయన మంచం మీద నుంచి లేవలేదు. ఆయన భార్య, మా చిన్నమ్మ, కూడా పొమ్మంది. "చెవులు లేనోడు ఆటేం నడుపుతడే," అన్నాడు ఆమెతో. ఆ తర్వాత ఆదివారాలన్నీ గదిలోనే పడుకుని గడిపాడు. షెడ్డులో కూడా సైగలకు జవాబివ్వడం తగ్గించాడు. ఎవరైనా నవ్వితే తన గురించేనేమోనని చూసేవాడు. అంతకుముందు ఆయనకు ఆ అలవాటు లేదు.

అదే ఏడు వానలు తగ్గుముఖం పట్టాక సూరత్‌కు ప్లేగు వచ్చింది. ఊరు ఊరంతా స్టేషన్‌కు పరుగెత్తింది. కాకనూ చిన్నమ్మనూ రైలెక్కించడానికి నేనూ వెళ్లాను. షెడ్డు యజమాని కాపలాకు నన్ను ఉండమన్నాడు. ప్లాట్‌ఫాం మీద అందరి ముక్కులకూ నోళ్లకూ రుమాళ్లు. కిటికీ పక్కన కాకకు చోటు దొరికింది. మళ్లీ ఎప్పుడు కలుస్తామో తెలియదు. ఊచల దగ్గర నిలబడి చెప్పేశాను.

"కాకా, ఆ రూలు నేను నీకు చెప్పలే. పాతదే అన్న. నీ చెవుల తప్పు కాదు."

రుమాలు నా మూతికి కట్టే ఉంది. ఆయన నా కళ్లలోకి చూసి, "నీళ్లు ఉన్నయ్‌రా, సీసా నిండ ఉన్నయ్. నువ్వు పైలం," అన్నాడు. ఒక్క క్షణం రుమాలు కిందికి లాగితే అయిపోయేది. రోగం భయంతో లాగలేదా, ఆయనకు అర్థమవుతుందన్న భయంతోనా అని చాలా ఏళ్లు నన్ను నేను ప్రశ్నించుకున్నాను. రెండోదే. రైలు కదిలింది.

ప్లేగు తగ్గాక మనుషులు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. కాక రాలేదు. మా సొంతూళ్లోనే ఉండిపోయి, మరుసటి ఎండాకాలం జ్వరంతో పోయాడు. ఊరి నుంచి వచ్చిన ఒకతను షెడ్డు గుమ్మంలో నిలబడి సైగలతోనే నాకు చెప్పాడు. అప్పటికి అంత్యక్రియలు కూడా అయిపోయాయి.

ఆ ఆదివారం మైదానానికి వెళ్లాను. ఒడియా కెప్టెన్ గట్టు మీద కూర్చుని బూట్లు కట్టుకుంటున్నాడు. కాక పోయాడని చెప్పాను. అతను చేతులాపి, అయ్యో అన్నాడు. అప్పుడు మిగతాది కూడా చెప్పాను, మొత్తం: కాగితాలు, షెడ్డు బయట అన్నది, దారిలో అన్నది.

అతను మళ్లీ లేస్ అందుకున్నాడు.

"అబ్ బతా రహే హో?" అన్నాడు. ఇప్పుడా చెప్పేది అని.

అతను లేస్ ముడి వేసుకుని, లేచి, తన జట్టువాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు.