మధ్యాహ్నం రెండింటికి చూపించే ఇళ్లు

ఆంటీ పోయారన్న కబురు నేను సైటు మీద ఉండగా అందింది. ఆ రోజు శ్లాబు పోస్తున్నాం. శ్లాబు మొదలుపెట్టాక మధ్యలో ఆపడానికి లేదు. ఫోన్ పెట్టేసి, మేస్త్రికి ఒక్క మాట చెప్పి, పని పూర్తయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. ఆవిడ ఉన్నా అదే చేయమనేవారు. కన్నీళ్లు మాత్రం నా మాట వినలేదు. తట్టలు మోసే ఆడవాళ్లు ఎవరు పోయారని కూడా అడగకుండా, నన్ను చూసి తామూ కళ్లొత్తుకున్నారు.

ఈ నాలుగు మాటలు చదివే మీలో చాలామందికి ఆవిడ తెలియదు. పేపర్లో ఫోటో పడే మనిషి కాదు. లాలాగూడలో మా పక్క పోర్షన్‌లో ఉండేవారు. గుంటూరు వైపు నుంచి వచ్చి సికింద్రాబాదులో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. రైల్వే డ్రాయింగ్ ఆఫీసులో నక్షలు గీసే ఉద్యోగం. ఇస్త్రీ నలగని నేత చీర, ముడిలో గుచ్చిన పెన్సిలు. ఆ పెన్సిలు ఎక్కడ పెట్టానా అని ఇల్లంతా వెతుక్కోవడం, మా అమ్మ వెళ్లి ముడిలోంచి తీసి చేతిలో పెట్టడం రోజూ ఉండేదే.

ఆవిడకు ఒక వింత అలవాటుండేది. ఎవరింటికి వెళ్లినా కూర్చునే ముందు పడమటి గోడ మీద అరచేయి ఆనించి చూసేవారు. పెళ్లిచూపులకైనా, చావు పలకరింపుకైనా అంతే. చేయి తీసి, "ఈ గోడకు జ్వరం ఉందమ్మా" అనేవారు. కొత్తగా ఇల్లు కట్టుకుని సంబరంగా పిలిచినవాళ్లకు ఆ మాట ఎంత చేదుగా ఉంటుందో ఆవిడకు తట్టేది కాదు. ఈ విషయంలో ఆంటీకి లౌక్యం సున్నా అని నేను మొహం మీదే అన్నాను. "నిజమేనే" అని ఒప్పుకుని, ఆ తర్వాతి ఇంట్లోనూ అదే పని చేశారు.

ఆ అలవాటు ఊరికే రాలేదు. ఆవిడ భర్త, మా అంకుల్, చివరి రెండు వేసవులూ డాబా కింది గదిలో మంచం పట్టి ఉన్నారు. ఊపిరి సరిగా ఆడేది కాదు. మధ్యాహ్నం కరెంటు కోత మొదలైతే ఫ్యాను ఆగేది. పైన శ్లాబు, పక్కన పడమటి గోడ కలిసి ఆయన్ని ఉడికించేవి. ఆంటీ తడిగుడ్డ వేసి, విసనకర్రతో విసురుతూ కూర్చునేవారు. ఆయన మే నెలలోనే పోయారు. "ఫ్యాను ఆగితే మనిషి ఆగిపోకూడదు కదే" అని ఆవిడ నాతో అన్నారు. అప్పట్లో నాకది దుఃఖంలో అన్న మాటలాగే వినిపించింది. ఆవిడ రిటైరయ్యాక తెలిసింది, అది తను చేయాలని పెట్టుకున్న పని అని.

మౌలాలిలో అంకుల్ ఎప్పుడో కొనిపెట్టిన స్థలం ఉంది. అందులో వరసగా నాలుగు ఇళ్లు కట్టి అమ్ముతానన్నారు. తనకంటూ ఒక్కటీ ఉంచుకోనన్నారు. రిటైరైనప్పుడు వచ్చినదంతా అందులోనే పెట్టారు. నేను అప్పుడే సివిల్ డిప్లొమా పూర్తిచేసి ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్నాను. ఆడపిల్లను సైటు మీదికి ఎవరూ పిలవలేదు. "రేపట్నుంచి నాతో రా. గొడుగు తెచ్చుకో" అన్నారు ఆంటీ. నా ఉద్యోగానికి ఇంటర్వ్యూ అంతే. ఈ రోజు నేను నా కాళ్ల మీద నిలబడి ఉన్నానంటే ఆ ఒక్క మాట వల్లనే.

నేను వెళ్లేసరికి పునాదులు పూర్తయి గోడలు లేస్తున్నాయి. ఇటుకల్ని పడుకోబెట్టకుండా నిలబెట్టి, మధ్యలో గుల్ల వదిలి కట్టించారు. ఆ గుల్లలోని గాలి ఎండను లోపలికి రానివ్వదట. శ్లాబులో ఇనుప కమ్మీల మధ్య పాత పెంకులు పరిచి పోయించారు. డాబా పైన తెల్లటి టైలు ముక్కలు అతికించారు. మెట్ల పైన వేడిగాలి పోవడానికి ఒక వెంటిలేటరు. ఇవేవీ ఖరీదైనవి కావు. మధ్యాహ్నం అన్నాల వేళ ఆంటీ కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవారు. మొదట్లో పనివాళ్లు డబ్బాలు తెరిచి చేతులు కట్టుకుని ఇబ్బందిగా చూసేవారు. నెల తిరిగేసరికి హిందువు, ముస్లిం తేడా లేకుండా అందరూ ముందు "ఆమెన్" అని ఆ తర్వాతే ముద్ద నోట్లో పెట్టుకునేవారు.

నా కంటికి పొరపాటు కనిపించింది మాత్రం గోడలు సగం లేచాక. "ఆంటీ, నైరుతిల బాత్రూమ్ ఉన్నదేంది?" అని అడిగాను.

"నైరుతంటే ఏ మూలే?" అన్నారు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆవిడ దృష్టిలో అది సాయంకాలపు ఎండ కొట్టే మూల. అక్కడ మనుషులు కూర్చోని గదులుండాలని బాత్రూమ్, సామాన్ల గది పెట్టారు. పొద్దున ఎండ తగిలి మధ్యాహ్నానికి చల్లబడే ఈశాన్యంలో పెద్ద పడకగది పెట్టారు. ఎండ లెక్క ప్రకారం తిరుగులేదు. వాస్తు ప్రకారం మాత్రం ఇంతకంటే తలకిందులుగా ఎవరూ గీయలేరు. పుట్టి బుద్ధెరిగాక వాస్తు మాట వినపడని ఇంట్లో పెరిగిన మనిషికి అది తట్టనే లేదు.

నేను వివరించినా, చల్లటి ఇల్లు ఎవరు వద్దంటారే అని అలాగే కానిచ్చారు. ఇళ్లు పూర్తయ్యాయి. బోర్డు పెట్టాం. చలికాలమంతా జనం వచ్చారు. గేటు దగ్గరే ఆగి, సూర్యుణ్ని చూసి, తమ చుట్టూ తాము ఒకసారి తిరిగి, దిక్కులు పోల్చుకునేవారు. "మేడమ్, ఇల్లు మంచిగనే ఉన్నది. గని ఈశాన్యంల పండుకునుడేంది? మా ఇంట్ల ఒప్పుకోరు" అని వెళ్లిపోయేవారు. సరే, క్రైస్తవులు కొంటారు కదా అనుకున్నాం. వాళ్లూ వచ్చి, "మాకు పట్టింపు లేదండీ. రేపు అమ్మాలంటే ఎవరు కొంటారని" అని నసిగారు. ఆ మాట ఆంటీని అన్నింటికంటే ఎక్కువ దెబ్బతీసింది.

చర్చి పాస్టరు గారు ఇంటికి వచ్చారు. సంఘంలో నాలుగు కుటుంబాల్ని ఒప్పించి కొనిపిస్తానన్నారు. మంచి మనసుతోనే అన్నారు. ఆంటీ కాఫీ ఇచ్చి, "వద్దండీ. జాలిపడి కొన్న ఇంట్లో ఎవరికీ నిద్రపట్టదు. నన్ను ఎరగనివాళ్లు వచ్చి, చూసి, కావాలని కొనాలి. అప్పుడే నేను కట్టింది ఇల్లని నాకు నమ్మకం" అన్నారు. ఆ తర్వాత ఒక అపార్ట్‌మెంట్ బిల్డరు వచ్చాడు. నాలుగూ కలిపి తీసుకుంటాను, పడగొట్టి ఫ్లాట్లు వేస్తానన్నాడు. ఆవిడ చేతిలో ఇక ఏమీ మిగల్లేదని నాకు తెలుసు. తన పోర్షన్ అద్దె కూడా ఆలస్యంగా కడుతున్నారు. "వానలు పడేదాకా ఆగండి. అప్పటికీ పోకపోతే మీరే పడగొట్టుకోండి" అన్నారు ఆ బిల్డరుతో. వాన పడ్డాక ఆ ఇళ్ల గొప్ప ఎవరికీ తెలియదు. ఎండాకాలం ఒక్కటే ఆవిడకు ఉన్న గడువు.

బాత్రూములు మార్చేద్దామని నేను పోరాను. మేస్త్రి కూడా అయ్యే పనేనన్నాడు. ఆంటీ నక్ష ముందేసుకుని సాయంత్రమంతా కూర్చున్నారు. చివరికి పెన్సిలు ముడిలో పెట్టేసుకున్నారు. "తప్పు నాదేనే. ఎండను అడిగాను గానీ మనుషుల్ని అడగలేదు. కానీ ఇప్పుడు మారిస్తే సాయంత్రపు ఎండ పడకగది మీద పడుతుంది. ఇల్లు అమ్ముడుపోతుంది, లోపలున్నవాళ్లు ఉడికిపోతారు. ఆ పని నేను చేయలేను" అన్నారు. నాకు కోపం వచ్చింది. ఆవిడ మొండితనం ఆవిణ్ని రోడ్డున పడేస్తుందని భయం వేసింది.

దారి చూపింది మా అమ్మ. మా వైపు కొత్త చోటికి వెళ్తే అక్కడ నిద్ర చేసి రావడం ఒక మర్యాద. చుట్టపు చూపుకైనా, మొక్కు తీర్చుకోవడానికైనా ఒక నిద్ర చేస్తేనే వెళ్లినట్టు లెక్క. వంటింట్లో ఏదో తరుగుతూ అమ్మ అంది: "అక్కా, గేటు కాడ నిలబడి చూస్తె ఏం తెలుస్తది? జెర సేపు పండుకొని చూడమను."

ఆంటీ వెంటనే పెన్సిలు కోసం వెతుక్కున్నారు. మర్నాడు పేపర్లో ప్రకటన ఇవ్వడానికి నన్ను పంపారు. ఇళ్లు మధ్యాహ్నం రెండు గంటలకే చూపబడును, భోజనం తెచ్చుకొనవలెను, చాప మేమిస్తాము. ప్రకటనలు తీసుకునే ఆయన రెండుసార్లు చదివి, "ఇది ఇల్లేనా, హోటలా అమ్మా?" అన్నాడు. మా బస్తీలో వారం రోజులు అదే నవ్వులాట.

మొదట వచ్చింది బట్టల కొట్టున్న ఒకాయన. భార్యను, చంటిపిల్లను, తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. ముందుజాగ్రత్తగా వాస్తు చూసే పెద్దమనిషిని కూడా తెచ్చుకున్నాడు. ఆ పెద్దమనిషి ఇల్లంతా తిరిగి, ప్రతి గదిలోనూ తల అడ్డంగా ఊపాడు. ఆంటీ ఏమీ వాదించలేదు. "భోంచేసి కాసేపు నడుం వాల్చండి. తర్వాత చెబుదురు గానీ" అని ఆయనకూ చాప పరిచారు. వాళ్లు పులిహోర తింటుండగానే కరెంటు పోయింది. ఆంటీ పడమటి వైపు కిటికీలు మూసి, మెట్ల పైన వెంటిలేటరు తెరిచి వచ్చి, నా పక్కన వరండాలో కూర్చున్నారు. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది.

లోపల మాటలు కాసేపు వినిపించాయి. మెల్లగా తగ్గాయి. పిల్ల ఒకసారి కుయ్యిమని ఊరుకుంది. ఆ తర్వాత గురక మొదలైంది. వాస్తు పెద్దమనిషిది. ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వుతూనే ఉన్నారనుకుని తిరిగి చూస్తే కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. అంకుల్ని తలుచుకున్నారని అర్థమైంది.

వాళ్లు లేచేసరికి ఎండ తగ్గుముఖం పట్టింది. పెద్దమనిషి నిజాయితీపరుడు. మొహం కడుక్కొచ్చి, "నన్ను శాస్త్రం అడిగిండ్రు గనక శాస్త్రం ప్రకారం వద్దనే చెప్త. నిద్ర సంగతి నన్నడగకుండ్రి" అన్నాడు. కొట్టాయన చెప్పులేసుకోబోయాడు. ఆయన తల్లి చాప మీదనుంచి కదలలేదు.

"శాస్త్రం చెప్పెటాయన పండె. నేను పండితి. పోరి సుత ఏడ్వలే. కరెంటు ఎప్పుడొచ్చిందో మీలో ఎవ్వరికన్న ఎరుకనా? నాకు గీ ఇల్లే కావాలె" అంది.

ఆమె కొడుకు వారం రోజులు నానా తంటాలు పడి, చివరికి తల్లి మాటకే వచ్చాడు. ఆంటీ ఎవరో, ఏ చర్చికి వెళ్తారో వాళ్లకు తెలియదు, అడగనూ లేదు. ఆ వేసవిలోనే మరో రెండిళ్లు అలాగే పోయాయి. ఒకటి కొన్నవాళ్లు నైరుతి బాత్రూమును సామాన్ల గదిగా మార్చేసి, పెరట్లో వేరే కట్టుకున్నారు. ఆంటీ వెళ్లి చూసి, "బాగుంది, ఇది నాకు తోచనే లేదు" అన్నారు. నాలుగోది తొలకరి చినుకుల్లో బేరం కుదిరింది. బిల్డరు మళ్లీ రాలేదు.

ఆ డబ్బుతో మళ్లీ స్థలం కొన్నారు, మళ్లీ కట్టారు. ఈసారి నక్ష మొదలెట్టే ముందు ఆ వాస్తు పెద్దమనిషిని పిలిచి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టుకున్నారు. పడకగది నైరుతిలోనే పెట్టి, దాని పడమటి గోడకు అవతల మెట్లు కట్టించారు. ఎండ మెట్ల మీద పడుతుంది, మనిషి నైరుతిలోనే పడుకుంటాడు. ఇద్దరూ తగవులాడుకుంటూనే కుదుర్చుకున్నారు. ఆవిడ నాకు నేర్పిన వాటిలో గుల్ల గోడ కన్నా ఇది పెద్దదని నాకు ఇప్పుడనిపిస్తుంది.

చివరి ఏడాదంతా ఆంటీ మంచం మీదే ఉన్నారు. చూడటానికి వెళ్తే సైటు కబుర్లే అడిగేవారు. ఒకసారి, "మౌలాలి ఇళ్లల్లో ఎవరుంటున్నారే ఇప్పుడు?" అన్నారు. మొదట కొన్నవాళ్లు ఎవరూ లేరు ఆంటీ, అందరూ అమ్ముకుని పెద్దిళ్లకు వెళ్లారు అని చెప్పాను. "అమ్ముడుపోయాయా?" అన్నారు. ఒక్కోటి వారం కూడా ఆగలేదన్నాను. ఆ పూట జావ మొత్తం తాగారని వాళ్ల తమ్ముడి భార్య చెప్పింది.

సమాధుల తోటలో కార్యక్రమం అయ్యేసరికి మధ్యాహ్నమైంది. ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు. ఆ నాలుగిళ్లవాళ్లకు ఎవరైనా చెప్పాలి కదా అనిపించి ఆటో ఎక్కి మౌలాలి వెళ్లాను. వాళ్లకు నేను తెలియదు. ఆంటీ పేరు కూడా తెలియదు. అయినా ఈ ఇల్లు కట్టినావిడ పోయారని ఒక్క మాట చెప్పి వద్దామనుకున్నాను. నేను వీధి మలుపు తిరిగేసరికి కరెంటు పోయింది.

ఒక్కొక్క ఇంటి తలుపే తెరుచుకుంది. బనియన్లతో మగవాళ్లు, మడిచిన పేపరుతో విసురుకుంటూ ఆడవాళ్లు, చెమటకు అతుక్కున్న జుట్టుతో పిల్లలు గడపల్లోకి, చెట్ల కిందికి వచ్చి నిలబడ్డారు. వీధి వీధంతా కరెంటువాళ్లను తిట్టుకుంటోంది. ఆ నాలుగిళ్ల తలుపులు మాత్రం తెరుచుకోలేదు.

మొదటి ఇంటి గేటు గడియ తీశాను. పక్క కిటికీలోంచి లోపల కనిపిస్తోంది. షాబాద్ బండల మీద ఒట్టి నేలనే ఒకావిడ పడుకుని ఉంది. పక్కన ఇద్దరు పిల్లలు అడ్డదిడ్డంగా ఉన్నారు. పైన ఫ్యాను కదలడం లేదు. ఎవరికీ తెలిసినట్టు లేదు.

చప్పుడు కాకుండా గడియ మళ్లీ పెట్టేసి వచ్చేశాను.