గుహలో తూర్పు

మొన్న ఆదివారం పొద్దున్నే మా పక్క ఫ్లాటు అమ్మాయి తలుపు కొట్టి, అరకు వెళ్తున్నామండీ ఆంటీ, దారిలో బొర్రా గుహలు కూడా చూస్తాం, మీరు ఎప్పుడో వెళ్లొచ్చారట కదా, ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలో కాస్త చెప్పండి అని అడిగింది. అన్నీ ఫోనులోనే దొరికే ఈ రోజుల్లో నన్ను సలహా అడిగే మనిషి ఒకరుండడమే గొప్పనుకుని, కాఫీ చేతికిచ్చి కూర్చోబెట్టి మొదలుపెట్టాను. జారని చెప్పులు వేసుకోండి, లోపల పైనుంచి నీళ్లు బొట్లుబొట్లుగా పడి మెట్లు తడిగా ఉంటాయి. చేతిలో తినే పొట్లాలు పెట్టుకోకండి, గుహ బయటే కోతులు కాచుకుని ఉంటాయి. పెద్దవాళ్లుంటే జనం పెరగకముందే వెళ్లి, నెమ్మదిగా కడ్డీ పట్టుకుని దిగండి. రాళ్లు మెరుస్తున్నాయి కదా అని చేత్తో రుద్దకండి, మన చేతి జిడ్డుకి అవి నల్లబడిపోతాయట. ఎవరైనా విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. ఇంతవరకు గడగడా చెప్పినదాన్ని, ఎక్కడ కలుసుకోమంటారు ఆంటీ అని ఆ పిల్ల అడిగేసరికి ఆగిపోయాను. ఎందుకంటే ఆ ప్రశ్నకి మా మామగారు చెప్పిన జవాబు గుర్తొచ్చింది.

అవి రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. మావారిది తాడేపల్లిగూడెంలో ఆఫీసు ఉద్యోగం, పరుపుల షాపువాళ్ల ఇంట్లో వెనక వాటాలో అద్దెకుండేవాళ్లం. మా అత్తవారిది ముదినేపల్లి అవతల, కొల్లేటికి దగ్గరగా వరిచేల మధ్య ఉండే ఊరు. నేనేమో చింతలపూడి వైపు మెట్ట పిల్లని. మా వైపు దారి చెప్పాలంటే మామిడితోట దాటాక, మిల్లు పక్కన అంటాం. అత్తవారింట్లో మాత్రం అన్నీ దిక్కులే. కాపురానికొచ్చిన కొత్తలో అత్తయ్యగారు, పడమటింట్లో దక్షిణం గోడకున్న అలమారులో తూర్పు చివరి డబ్బా పట్టుకురా అంటే, నేను గదిలో గిరగిరా తిరిగి ఉప్పుకి బదులు పంచదార తెచ్చిన రోజులున్నాయి. మంచం మీద కాస్త జరగమనడానికి కూడా ఉత్తరానికి జరుగు అనే మనుషులు వాళ్లు. మెట్ట పిల్లకి దేవుడు దిక్కులు పెట్టడం మరిచిపోయాడని అత్తయ్యగారు పదిమందిలో ఆటపట్టిస్తే నాకు ఉక్రోషం వచ్చేది గానీ, ఆ మాట నిజమే.

ఇక మామగారి సంగతి చెప్పాలంటే, ఆ ఊరికి ఆయనే దిక్కులు చూపించే మనిషి. వానాకాలంలో కొల్లేరు పొంగి చేలూ గట్లూ డొంకలూ అన్నీ ఒకే నీళ్లైపోతే, దోనెల్లో వెళ్లేవాళ్లు ఆయన్ని ముందు కూర్చోబెట్టుకునేవారట. మబ్బు పట్టి సూర్యుడి జాడ లేని రోజైనా సరే, ఆయన అరచెయ్యి చాచి ఒక్కసారి అటూ ఇటూ తిప్పి, అదిగో తూర్పు అంటే అదే తూర్పు. ఇల్లు కట్టుకునేవాళ్లు శంకుస్థాపనకీ, అన్నదమ్ములు పంపకాల్లో గట్టు వేసుకోవడానికీ ఆయన చెయ్యి కోసమే వచ్చేవారు. మనిషికి వేరే గర్వమంటూ లేదు, చిరిగిన కండువాతోనే పెళ్లిళ్లకి వెళ్లేవారు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఎవరైనా అనుమానంగా చూస్తే ఆ రోజు అన్నం సరిగ్గా తినేవారు కాదు.

గుహలో స్వయంభువు శివలింగం ఉందని ఎవరో చెప్పగా విని అత్తయ్యగారు పట్టుబట్టారు, మావారికి ఆఫీసులో ఎల్‌టీసీ వచ్చింది, ఇంకేం, నలుగురం బయల్దేరాం. బయల్దేరేముందు సలహాలతో మా తల వాచిపోయిందనుకోండి. మా ఇంటి ఓనరుగారి భార్యని మేమంతా ఆపా అని పిలిచేవాళ్లం, ఆవిడ అంతకుముందు ఏడాదే వెళ్లొచ్చారు. లోపల చెమటలు కారిపోతాయండీ, నూలు బట్టలే కట్టుకోండి అని ఆపా అంటే, మావారి ఆఫీసులో ఆయనెవరో చలికి వణికిపోతారు, స్వెట్టర్లు మరవకండి అన్నారట. ఒకరు టార్చిలైటు తప్పనిసరి అంటారు, ఇంకొకరు లోపల రంగురంగుల లైట్లుంటే టార్చి దండగ అంటారు. ఏది నమ్మాలో తెలియక అన్నీ సర్దుకుని, ఆ స్వెట్టర్లు ఒక్కసారి కూడా తొడుక్కోకుండా గుహంతా మోసుకు తిరిగాం. ఇప్పుడు మీరు అడిగితే నేను కూడా చలి వేస్తుందో ఉక్క పోస్తుందో చెప్పలేను, ఎందుకంటే ఆ రోజు నాకు పట్టిన చెమటలు ఉక్కకి పట్టినవి కావు.

విశాఖపట్నంలో కొండల మీదకి వెళ్లే బండి ఎక్కేటప్పుడు అందరూ కుడివైపు కూర్చోండి, లోయలు బాగా కనిపిస్తాయి అంటుంటే, ఎవరి కుడి, ఉత్తరమో దక్షిణమో చెప్పకుండా కుడి అంటారేమిటని మామగారు విసుక్కున్నారు. తీరా కొండలెక్కడం మొదలుపెట్టాక బండి వంపులు తిరుగుతుంటే ఎండ కాసేపు మా కిటికీలోంచి పడింది, సొరంగం దాటేసరికి అవతలి కిటికీలోంచి పడింది, మళ్లీ చీకటి, మళ్లీ ఇటు. మేమంతా చప్పట్లు కొట్టి చూస్తున్నాం గానీ, ఆయన మాత్రం ప్రతి సొరంగం దాటాకా అరచెయ్యి చాచి చూసుకుని, మళ్లీ ఒళ్లో పెట్టుకున్నారు. అప్పుడు నవ్వొచ్చింది నాకు. తరవాత ఎప్పుడూ ఆ సంగతికి నవ్వలేదు.

గుహ ముందు నిలబడి ఆయన ఎండ పడే తీరు చూసి, ఈ ద్వారం తూర్పు, ఎవరు తప్పిపోయినా తూర్పు వైపుకి వచ్చి నిలబడదాం అని తీర్మానించారు. మాకు అది తిరుగులేని మాట. తలాడించి లోపలికి దిగాం. దిగుతుంటేనే ఊరి దేవాలయాలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టినా అందదనిపించేంత ఎత్తు కప్పు, పైనుంచి వేలాడే రాళ్లు, కింద నుంచి లేచే రాళ్లు, గబ్బిలాల వాసన, ఎక్కడో నీటిబొట్టు చప్పుడు. రెండు మలుపులు తిరిగాక వచ్చిన దారి ఏదో నాకు తెలియలేదు. శివలింగం దగ్గరికి నిటారుగా మెట్లెక్కాలన్నారు. అత్తయ్యగారూ మావారూ ఎక్కారు. మోకాళ్లు సహకరించవని మామగారు కిందే ఓ బండ మీద కూర్చుని, నువ్వు చూసి రా అమ్మాయ్, నేనిక్కడే ఉంటానని నన్ను పంపేశారు. పూర్వం ఓ ఆవు పడిపోయిందని చెప్పే కంతని గైడు అక్కడ కప్పులో చూపిస్తుంటే, నేను జనంతో పాటు అటు నడిచాను. అదే సమయానికి ఏదో స్కూలు పిల్లల గుంపు అరుపులతో మా మధ్యకి వచ్చి పడింది.

ఆ గుంపు దాటాక చూస్తే మావాళ్లు ఒక్కరూ లేరు. సరే, తూర్పు అనుకున్నాం కదా, వెలుగు వచ్చేదే తూర్పు కదా అని, నేను పైకంతలోంచి వెలుగు పడుతున్న చోటుకి వెళ్లి బుద్ధిగా నిలబడ్డాను. అత్తయ్యగారు ఆ తోపులాటలో మావారి నుంచి విడిపోయి మెట్లు దిగి వచ్చి, ఓ మూల ఎర్ర లైటు వేసి ఉంటే తెల్లవారుజాములా కనిపించిందట, అదే తూర్పని అక్కడ నిలబడ్డారు. మావారొక్కరే ద్వారం దాకా వెళ్లి, ఎవరూ రాకపోయేసరికి మళ్లీ లోపలికి దిగి మమ్మల్ని ఒక్కొక్కరినీ ఏరుకోవలసి వచ్చింది. నీ తూర్పు ఇదా అని అత్తయ్యగారు నన్ను, మరి మీ తూర్పు అదా అని నేను ఆవిణ్ణి అనుకుంటూ నవ్వుకున్నాం. నవ్వు సగంలో ఉండగానే ముగ్గురికీ ఒకేసారి గుర్తొచ్చింది, మామగారు ఏ తూర్పుకీ రాలేదు.

మావారు ఒక దారిన, అత్తయ్యగారు మెట్ల వైపు, నేను బండ వైపు పరిగెత్తాం. ఆయన ఆ బండ దగ్గరే ఉన్నారు. కూర్చుని లేరు. అరచెయ్యి ముందుకి చాచి, ఉన్నచోటే చాలా నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతున్నారు. పక్కనుంచి వెళ్లేవాళ్లు దణ్ణం పెడుతున్నారనుకుని తప్పుకుపోతున్నారు. నేను దగ్గరికి వెళ్లి మామయ్యగారూ అంటే, ఎప్పుడూ వినని చిన్న గొంతుతో "అమ్మాయ్, తూర్పు ఎటేపమ్మా?" అని అడిగారు.

ఇంటిల్లిపాదిలో దిక్కు తెలియని మనిషిని నేను. పొద్దున ద్వారం తూర్పన్నది ఆయనే, ఆ ద్వారం ఎటుందో నాకు తెలియదు, అసలు ఆ మాట అన్నట్టే ఆయనకి గుర్తులేదు. నాకు భయమేసింది. కళ్లెదురుగా ఓ పెద్ద తెల్లరాయి కనిపిస్తే, అటేనండి అని చెయ్యి చూపించేశాను. ఆయన ముఖం తేటపడింది. అటు తిరిగి నిలబడి, ఊపిరి పీల్చుకుని, "మీ అత్తయ్యతో అనకమ్మాయ్" అన్నారు. బయటికొచ్చేసరికి సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. ఆయన తలెత్తి చూసి, మా అందరికీ మొక్కజొన్న పొత్తులు కొనిపెట్టారు.

ఇంటికొచ్చాక కొన్నాళ్లు బాగానే ఉన్నారు. తరవాత మా అత్తవారి వీధిలోనే ఒకరు శంకుస్థాపనకి పిలిచారు. మేమూ ఆ రోజు ఊళ్లోనే ఉన్నాం. మబ్బు మబ్బుగా ఉంది, పదిమంది చుట్టూ నిలబడ్డారు, ఆయన చెయ్యి చాచారు గానీ చెయ్యి కదలలేదు. కళ్లు మాత్రం జనంలో నన్ను వెతికాయి. నేను పసుపు కుంకుమల పళ్లెం పట్టుకుని, ఏదో పనున్నట్టు తూర్పు వైపుకి వెళ్లి నిలబడ్డాను. ఆ వేళకి నేను ఆ ఊళ్లో గుడి గోపురం, కాలవ వంతెన గుర్తు పెట్టుకుని నాలుగు దిక్కులూ బట్టీపట్టి ఉన్నాను లెండి. ఆయన నన్ను చూశారు, అరచెయ్యి నా వైపు తిప్పి, అదిగో తూర్పు అన్నారు. అందరూ తలలూపారు. ఆ తరవాత పండక్కి వెళ్లినా పెళ్లికి వెళ్లినా, ఎవరైనా ఆయన్ని అడుగుతున్నారంటే నేను చేస్తున్న పని వదిలేసి తూర్పున నిలబడేదాన్ని. ఆయన మరిచిపోతున్నకొద్దీ నేను నేర్చుకున్నాను. మెట్ట పిల్ల ఆ మూల ఎందుకు నిలబడిందో అత్తయ్యగారు కనిపెట్టారో లేదో, నాతో ఏనాడూ అనలేదు.

చివరికి అందరికీ తెలిసిపోయింది, తెలియకుండా ఎలా ఉంటుంది. గుహలో గాలి సోకిందని అత్తయ్యగారు తాయెత్తు కట్టించారు. ఏలూరులో డాక్టరుగారు, ఇది వయసుతో వచ్చే మరపు, గుహకీ దీనికీ సంబంధం లేదన్నారు. నాకు మాత్రం ఇద్దరి మాటా పూర్తిగా ఎక్కలేదు. గుహే ఆయన దిక్కుని మింగేసిందా, లేక అంతకుముందే పోతున్నదాన్ని గుహ చూపించిందా, తీసుకెళ్లకపోయి ఉంటే ఇంకొన్నాళ్లు నిలిచేదా అని ఎన్నిసార్లు తిప్పి తిప్పి ఆలోచించినా మొదలుపెట్టిన చోటికే వస్తాను. ఆఖరి రోజుల్లో నన్ను వాళ్ల అక్కయ్యనుకునేవారు, ఒక్కోసారి ఎవరో అనుకుని అండీ అనేవారు. కానీ పొద్దున్నే అరుగు మీద కూర్చోబెడితే, నేను ఎటు నిలబడితే అటు తిరిగి దణ్ణం పెట్టుకునేవారు.

ఇదంతా ఆ పిల్లకి చెప్పలేదు. టికెట్లు ఇచ్చేచోట కలుసుకోండమ్మా అని చెప్పి ఊరుకున్నాను. ఇంతకీ మన ఇళ్లకి తూర్పు ఎటేపో తెలుసా అని ఊరికే అడిగాను. ఈస్ట్ ఫేసింగ్ అని లక్ష ఎక్కువ చెప్పి అమ్మిన ఫ్లాట్లు మావి, మేడల మధ్య నుంచి సూర్యుడు ఎటు పొడిచేదీ ఎవరికీ కనబడదు. ఒక్క నిమిషం ఆంటీ అని ఆ పిల్ల ఫోనులో దిక్సూచి తెరిచి అరచేతిలో పెట్టుకుని, చెయ్యి ముందుకి చాచి, ఉన్నచోటే నెమ్మదిగా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఆ తిరగడం చూస్తూ ఉండలేక, లేచి వెళ్లి తూర్పున నిలబడ్డాను. "అరె, కరెక్టేనండీ ఆంటీ, మీకెలా తెలుసు?" అంది ఆ పిల్ల. ఆ రోజు గుహలో నేను మామగారికి చూపించిన తెల్లరాయి నిజానికి ఏ దిక్కున ఉందో నాకిప్పటికీ తెలియదు. వెళ్లినప్పుడు ఆ ఫోనులో కాస్త చూసి చెప్పమ్మా అని అడుగుదామని నోటిదాకా వచ్చింది గానీ, అడగలేదు.