చిత్రిక పట్టని తలుపు

ముప్ఫైకి పైగా అద్దె గదుల్లో కాలక్షేపం చేశాను. గదులు మరిచిపోయాను గానీ ఇంటివాళ్లు గుర్తున్నారు. ఒకచోట పంచదార డబ్బాకి తాళం వేసుకునే ఆవిడ ఉండేది. ఇంకోచోట నా ఉత్తరాలు నాకంటే ముందు చదివి, అందులో విశేషాలు నాకే చెప్పే పెద్దమనిషి ఉండేవాడు. వాళ్లందర్నీ ఎప్పుడో క్షమించేశాను. టేపాయన్ని క్షమించడానికి మాత్రం ఇంకా తీరిక దొరకలేదు.

ఆ పేరు వీధివాళ్లు పెట్టింది. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఓ ఉక్కు టేపు ఉండేది. మీతో మాట్లాడుతూ మాట్లాడుతూనే మీ గుమ్మం కొలిచేసేవాడు. వయసులో ఉండగా ఓ సంబంధం మాట్లాడుకోవడానికి వెళ్లి, పిల్ల మొహం సరిగ్గా చూడకుండా వాళ్ల హాలు పొడవు కొలుచుకుని వచ్చాడట. అవతలివాళ్లు మళ్లీ కబురు పెట్టలేదు. ఆ పిల్ల పేరు ఆయనకి గుర్తులేదు. హాలు మాత్రం పద్దెనిమిదిన్నర అడుగులు.

ఉద్యోగం నక్షాల విభాగంలో. ముప్ఫై రెండేళ్లు పెద్ద ఇంజినీర్లు గీసిన నక్షాల్ని పల్చటి ట్రేసింగ్ కాగితం మీద నల్ల సిరాతో దించి ఇచ్చాడు. వంతెనలు, బళ్లు, ఆస్పత్రులు, ఒక జైలు. కింద కుడి మూల సంతకం ఎప్పుడూ ఇంకొకరిది. ఈ సంగతి నాకు చెప్పినప్పుడు ఆయన మీద కాస్త జాలి కలిగింది. అది ఓ పూట కూడా నిలవలేదు. మర్నాడు నేను లేనప్పుడు నా గదిలోకి వచ్చి, నా పుస్తకాల దొంతరలు ఎంత నేల ఆక్రమించాయో కొలిచి చీటీ రాసి పెట్టాడు.

ఇల్లు వాళ్ల తాత కట్టించిన మేడ. మొహం ఉన్న ఇల్లు అది. మెట్ల పక్కన పట్టుకుని ఎక్కే కర్ర మూడు తరాల అరచేతులకి అరిగి నున్నగా మెరిసేది. కిటికీల పైన అర్ధచంద్రాకారంలో రంగు అద్దాలు. మేడ మీద మూడు గదులు వరసగా ఉండేవి. వీధి వైపుది టేపాయనది, నడిమిది వాళ్ల అక్కయ్యది, పెరటి వైపుది నేను అద్దెకు తీసుకున్నది. మూడింటి ముందూ మెట్ల దాకా పొడుగాటి వసారా. మూడు తలుపులూ ఒకే గోడలో ఉండేవి. ఆ గోడ గురించే ఇదంతా.

అక్కయ్య ఆయనకంటే పదకొండేళ్లు పెద్ద. మొగుడు పోయాక కుట్టుమిషనుతో పుట్టింటికి వచ్చింది. తమ్ముడి చదువు ఆ మిషను తొక్కుడు మీదే నడిచింది. నడిమి గదికి ఉత్తరం వైపు ఓ పెద్ద కిటికీ. దాని కిందే ఆవిడ మిషను. బడి పిల్లల చొక్కాలు, కర్టెన్లు, కోట్లకి లోపలి అస్తరు, అన్నీ ఆ వెలుతురులోనే తయారయ్యేవి. డెబ్బై దాటినా ఎవరి చేతి కిందా బతకని మనిషి. మాట మాత్రం సూదిలా ఉండేది.

రిటైరయ్యాక టేపాయన పాత ఇళ్ల అభిమానుల సంఘంలో చేరాడు. వాళ్లు ఆదివారాలు గుంపుగా వచ్చి గోడలు నిమిరి నిట్టూరుస్తారు. ఇళ్లలో కాపురాలుండే మనుషుల్ని చూసి మాత్రం కాస్త చికాకు పడతారు, చిత్రపటానికి అడ్డంగా నిలబడ్డట్టు. వాళ్ల అధ్యక్షుడు ఓసారి మేడెక్కి, "అద్భుతమండీ! పైన కాస్త తెరిపిగా ఉంటేనా!" అన్నాడు. అంతే. టేపాయన నెల రోజులు గది తలుపులు వేసుకుని నక్షా గీశాడు. గుడారాల్లో బతికే జాతుల గురించి నేను చాలా చదివాను. వాళ్లకి ఇంటి మీద విసుగొస్తే ఇంటినే మడిచి పెట్టుకుపోతారు. మనం మాత్రం మొదట గోడ సంపాదించుకుంటాం, తర్వాత దాన్ని పడగొట్టడానికి నెల రోజులు గీతలు గీస్తాం. దీన్నే అభిరుచి అంటారు.

ఆయన నక్షా తెచ్చి అక్కయ్య మిషను మీద పరిచినప్పుడు నేను అక్కడే ఉన్నాను. చిరిగిన చొక్కా జేబు కుట్టించుకోవడానికి వెళ్లాను.

"అక్కా, ఇదిగో చూడు. హాలు."

"బాగుంది. నా గదేదిరా ఇందులో?"

"అదే కదా హాలు. ముందున్న గోడ తీసేసి వసారాలో కలిపేస్తాం. కిటికీ వెలుగంతా మెట్ల మీద పడుతుంది."

"మెట్లకి వెలుగెందుకురా, అవేమైనా దారం ఎక్కిస్తాయా? మరి నేనెక్కడ?"

"కింద మెట్ల పక్క గది ఉందిగా. చల్లగా ఉంటుంది."

"ఉండదూ మరి! కిటికీ ఉంటే కదా వేడి రావడానికి. చీపుర్లు కూడా నాతోనే ఉంటాయా, వాటికి మంచి చోటు చూశావా?"

"వెటకారం వద్దక్కా. మంచి లైటు పెట్టిస్తాను."

"నల్లగుడ్డ మీద నల్లదారం లైటు కింద ఓసారి కుట్టి చూపించు, అప్పుడు దిగుతాను. ఈ కిటికీ పోతే నా పని పోయినట్టేరా. పని పోతే రేపట్నించి నువ్వు పెట్టింది తిని, నువ్వు చూపించిన చోట కూర్చోవాలి. అది నా వల్ల కాదు."

టేపాయన టేపు లాగి కిటికీ కొలిచాడు. 

గోడ చూడ్డానికి ముందు పిలిచింది నత్త మేస్త్రీని. పాత ఇళ్ల పనిలో అంత నెమ్మదైన వడ్రంగి ఇంకోడు లేడు కనక ఆ పేరు. అతను వచ్చి గోడ వైపు కన్నెత్తి చూడలేదు. మేడ మీదున్న తలుపులన్నీ ఒక్కొక్కటే వేసి, తీసి, మళ్లీ వేసి, తలుపు పైఅంచుకీ గుమ్మానికీ మధ్య ఎంత సందుందో పెన్సిలుతో గుమ్మం మీద గీత పెట్టుకుంటూ పోయాడు. గంటన్నర పట్టింది.

"ఏమయ్యా, గోడ చూడమంటే తలుపులు పట్టుకు వేళ్లాడతావేం?"

"గోడ పైకేం చెప్పదండయ్యా. బరువు కదిలితే ముందు తలుపుకి తెలుస్తుంది. నిన్నటిదాకా ఆడిన తలుపు ఇవాళ పట్టేసిందంటే పైన దూలం దిగిందన్నమాట. ఈ గోడ దూలాన్ని మోస్తోందండి. తియ్యాలంటే ఇనప దూలం ఎక్కించాలి, కింద గోడ బలం చూసుకోవాలి. రోజూ పొద్దున్నే తలుపులన్నీ వేసి చూసుకుంటూ, కొంచెం కొంచెం తియ్యాలి. మూణ్నెల్ల పని."

"ముప్ఫై రెండేళ్లు నక్షాలు గీసినవాణ్ణి. నాకు చెప్తున్నావా?"

"గీశారండి, కాదన్ను. కాగితం మీద దూలానికి బరువుండదు కదండీ."

మేస్త్రీ ఆ పూటే ఇంటికెళ్లిపోయాడు. టేపాయన రెండు రోజులు వసారాలో పచార్లు చేశాడు. మూడో రోజు నా గదికి వచ్చి, మొహం వెలిగిపోతుండగా చెప్పాడు.

"మాస్టారూ, ఆ నత్తగాడి భయమంతా ఏమిటి? తలుపులు పట్టేస్తాయనేగా? పట్టకుండా చేసేస్తే సరి!"

నవ్వాపుకోవడానికి పుస్తకంలో తల దూర్చాను. నాలాంటివాళ్లం చదివిందంతా అలాంటప్పుడు తల దాచుకోవడానికే పనికొస్తుంది. అది హాస్యమనుకున్నాను. ఆయన నిజంగానే ఇంకో వడ్రంగిని పిలిపించి, అంచులు చెక్కించి తలుపులకి చిత్రిక పట్టించాడు. నా తలుపు, మెట్ల దగ్గరి తలుపు, చివరి కొట్టుగది తలుపు, ఆఖరికి ఆ వారంలోనే పీకెయ్యబోయే అక్కయ్య తలుపు కూడా. రెండు వేళ్లు దూరేంత సందు వచ్చింది. ఊదితే తెరుచుకునేవి. జ్వరం కొలిచే గొట్టాన్ని విరగ్గొట్టి రోగం కుదిరిందని సంబరపడేవాణ్ణి నా తిరుగుళ్లలో ఎక్కడా చూడలేదు. చూడ్డానికి ఆ ఇంట్లో అద్దెకి దిగాల్సి వచ్చింది.

ఒక్క తలుపుని మాత్రం ముట్టుకోనివ్వలేదు, తన గదిది. దాని నిండా తీగలూ ఆకులూ చెక్కి ఉండేవి. సంఘం అధ్యక్షుడు దాన్ని అయిదు నిమిషాలు నిమిరాడట. "దాని మీద చిత్రిక పెడితే చేతులు విరగ్గొడతాను," అన్నాడు టేపాయన.

గోడ పడగొట్టడానికి ఇద్దరు చురుకైన పనివాళ్లు వచ్చారు. అక్కయ్య కిందికి దిగలేదు. మిషను నెట్టుకుంటూ నా గుమ్మంలోకి వచ్చింది.

"అన్నయ్యగారూ, ఓ నాలుగు రోజులు మీ కిటికీ అరువిస్తారా? తర్వాత ఎక్కడ కూర్చోవాలో నాకే తెలీదు."

మొదటి రోజు ఆవిడ తలుపూ గుమ్మమూ పీకి గోడకి చేరేశారు. రెండో రోజు పై ఇటుకలు దించారు. నడుమ దూలానికి ఆసరాగా రెండు వెదురు బొంగులు మాత్రం నిలబెట్టారు, మర్యాద కోసం అన్నట్టు. మధ్యాహ్నానికి సగం గోడ లేదు. టేపాయన నా తలుపు ఆడించాడు, మెట్ల తలుపు ఆడించాడు.

"చూశారా, వెన్నలా కదుల్తున్నాయి. ఏమంటాడు మీ నత్త?"

మర్నాడు సంఘంవాళ్లు వస్తున్నారు. వాళ్లకి చూపించబోయే నక్షా మీద సంతకం పెట్టడానికి ఆయన గదిలోకి వెళ్లి, దుమ్ము రాకుండా తలుపు గట్టిగా వేసుకున్నాడు. జీవితంలో మొదటిసారి కుడి మూల తన పేరు. ఆ కాసేపు ఆయన సంతోషంగా ఉండి ఉంటాడు. అది కూడా రాయకపోతే అన్యాయం.

అంతలో ఎండుకర్ర విరిచినట్టు పైన ఫట్‌మంది. కప్పు నుంచి సున్నం జలజలా రాలింది. వెదురు బొంగొకటి విల్లులా వంగింది. చురుకైన పనివాళ్లు చురుగ్గానే మెట్లు దిగారు, మళ్లీ ఎక్కలేదు. నా తలుపు వెన్నలా కదుల్తూనే ఉంది.

వీధి వైపు గదిలోంచి దడదడా బాదుడు.

"అక్కా! తలుపు రావట్లేదు! పట్టేసింది!"

అక్కయ్య మిషను ఆపింది. "అయ్యో, దానికి చిత్రిక పట్టించలేదట్రా?"

నేను పరిగెత్తాను. నా వయసులో పరుగంటే మెట్లు ఒక్కొక్కటే దిగడమే. నత్త మేస్త్రీ రెండు వీధుల అవతల కుర్చీ కాలు అతికిస్తున్నాడు. సంగతి విని, జిగురు ఆరేదాకా ఆగి, సంచీ సర్దుకుని, ఓ బండి మీద దుంగలూ జాకీలూ వేయించుకుని వచ్చాడు. రాగానే టేపాయన తలుపు దగ్గరికి వెళ్లి, గుమ్మం మీద తన పెన్సిలు గీత వెతికి, వేలు పెట్టి చూశాడు.

"అర అంగుళం దిగిందండయ్యా. వీధి గోడ వైపు నిలబడండి, కదలకండి," అని దూలం కింద దుంగలు నిలబెట్టి, వాటి కింద జాకీలు బిగించాడు. ఇక పడదని రూఢి అయ్యాక చెమట తుడుచుకుని చెప్పాడు. "రెండే దార్లున్నాయండి. తలుపు కోస్తే ఇప్పుడే వస్తారు. లేదంటే దూలాన్ని పైకెత్తి, గోడ ఎక్కడిదక్కడ మళ్లీ కట్టాలి. ఎత్తి వదిలేస్తే మళ్లీ దిగుతుంది."

"తలుపు ముట్టుకోవద్దు!"

"అయితే గోడ కట్టాలండి."

లోపల టేపు సర్రున లాగిన చప్పుడు.

"కిటికీ ఊచలు కొలుస్తున్నావా?" అంది అక్కయ్య. "ఎంతుందిరా మధ్యన?"

"...అయిదంగుళాలు."

"మరి నువ్వెంత?"

మేస్త్రీ మొహం అటు తిప్పుకున్నాడు. అక్కయ్య నా గదిలోంచి స్టూలు తెచ్చుకుని తలుపు ముందు కూర్చుంది.

"చూడు తమ్ముడూ. రేపు ఇనప దూలం అంటావు, ఎల్లుండి ఇంకోటంటావు. నాకు ఓపిక లేదు. ముందు ఆ కాగితం ఇటు తొయ్యి. తర్వాత మేస్త్రీ జాకీ తిప్పుతాడు."

"అక్కా, సంతకం కూడా పెట్టానే."

"తెలుసురా. తొయ్యి."

చాలాసేపటికి తలుపు కిందినుంచి ట్రేసింగ్ కాగితం అంచు బయటికి వచ్చింది. మెల్లగా, అంగుళం అంగుళం వచ్చింది. సంతకం ఉన్న మూల ఆఖర్న వచ్చింది. అక్కయ్య దాన్ని వెలుగుకి పట్టి చూసి, వేళ్లతో నలిపి, "కాగితం మంచిదిరా. చిరగదు," అంది.

మేస్త్రీ జాకీ తిప్పాడు. పావు తిప్పు తిప్పి తలుపు తోస్తాడు, మళ్లీ పావు తిప్పు. సాయంత్రం టీ వేళకి తలుపు దానంతటదే కిర్రుమంది. టేపాయన నెత్తిన సున్నంతో బయటికొచ్చి, అక్కనీ మేస్త్రీనీ చూడకుండా ముందు తలుపు తడిమి చూసుకున్నాడు. ఆకులకేం కాలేదు.

గోడ కట్టడానికి మేస్త్రీ తన పద్ధతిలో రెండు నెలలు తీసుకున్నాడు. అక్కయ్య తలుపు మళ్లీ దాని చోట ఎక్కింది. చిత్రిక పట్టిన సందులోంచి గాలి కొడుతుంటే ఆవిడ గుడ్డ పీలికలు చుట్టి ఓ పొడుగాటి దిండు కుట్టి అడ్డం పెట్టుకుంది. వాయిదా పడ్డ సంఘంవాళ్ల రాక ఆ తర్వాత జరిగింది. వాళ్లు వచ్చినప్పుడు టేపాయన ఆ గోడ మీద చెయ్యేసి, "దీన్ని తియ్యమని అందరూ బలవంతం చేశారండీ. నేనే ఒప్పుకోలేదు," అన్నాడు. చప్పట్లు కొట్టారు. అధ్యక్షుడు గోడని నిమిరాడు, సున్నం ఇంకా పచ్చిగా ఉందని చేతికి తెలియలేదు.

ఆ నెలాఖరుకి నేను ఇల్లు మారాను. వెళ్లే ముందు కుట్టించిన చొక్కా తెచ్చుకుందామని నడిమి గదిలోకి తొంగి చూశాను. ఉత్తరం కిటికీ కింద అక్కయ్య పిల్లల చొక్కాలకి గుడ్డ కత్తిరిస్తోంది. కొలత కోసం గుడ్డ మీద పరిచిన కాగితం ముక్కలు టేపాయన నక్షావి. హాలు వీపు భాగానికి వచ్చింది. మెట్లు కాలరుకి సరిపోయాయి.

"సంతకం ఏం చేశారమ్మా?" అన్నాను.

ఆవిడ నోట్లో గుండుసూదులు పట్టుకునే, చొక్కా చెయ్యి కొలతకి కత్తిరించిన ముక్క తిప్పి చూపించింది. సిరా చెదరలేదు, పేరు పొల్లు పోకుండా ఉంది. సరిగ్గా చంక కిందికి వచ్చింది.