బావకు వినపడకూడదని

మా లారీ టంగుమనేది. ఆగిన చోటి నుంచి కదిలితే చాలు, కింద ఎవరో సమ్మెటతో కొట్టినట్టు ఒక దెబ్బ. ఆదోనిలో పత్తి బేళ్లు ఎక్కించుకుని ఎమ్మిగనూరులో దించేలోపు ఎన్నిసార్లు ఆగితే అన్ని దెబ్బలు. హమాలీలు నవ్వేవాళ్లు. వాళ్ల నవ్వును నేను పట్టించుకోలేదు. బావ వింటాడనే నా బాధంతా.

లారీ బావది, అంటే మా అక్క భర్తది. చక్కెర జబ్బుతో చూపు పోయాక స్టీరింగు నాకిచ్చి, "దాన్ని అరిపియ్యాకురా" అన్నాడు. బండిని చప్పుడు చేయనీకుండా చూసుకోమని, అంతే. మొదట్లో పక్క సీట్లో కూర్చుని ఎమ్మిగనూరు దాకా వచ్చేవాడు. టంగు మొదలయ్యాక నేను పిలవడం మానేశాను.

ఆయన పొద్దున్నే ఇంటి ముందు అరుగు మీద కూర్చుంటాడు. మా సందు పల్లంగా దిగి రోడ్డులో కలుస్తుంది. టైరు కింద రాయి తీసి, ఇంజిను వేయకుండా బండిని దొర్లించుకుపోయి, రోడ్డు మీద స్టార్టు చేసేవాణ్ని. సొంత బావ ముందు నుంచి దొంగలాగా పోవడం.

గేరుపెట్టె నుంచి వెనక ఇరుసుకు పోయే పొడవాటి షాఫ్టులో ఒక ముక్క ఇంకో ముక్కలోకి జారుతూ ఉంటుంది. స్లిప్ జాయింట్ అంటాం. అక్కడ గ్రీసు ఎండిపోతే పట్టేసి, ఇంజిను లాగి బండి కదిలేటప్పుడు ఒక్కసారిగా వదిలి కొడుతుంది. ఇది నాకు తెలియక కాదు. గన్నుతో గ్రీసు కొడుతూనే ఉన్నాను. అదంతా బయటికే వచ్చేది. లోపల నిండి పొర్లుతోందనుకుని గుడ్డతో తుడిచేవాణ్ని. అంత తెలివి నాది.

ఈ మధ్య ఒక రోజు, ఎమ్మిగనూరులో బేళ్లు దించుతుంటే బండి కిందికి దూరి, గ్రీసు ఎక్కించే చిన్న బుడిపెను, నిప్పిల్‌ను, గోరుతో గీకాను. జిడ్డు కింద పసుపు, దాని కింద కుంకుమ, మళ్లీ పసుపు. గట్టిపడి రంధ్రాన్ని మూసేశాయి. అమావాస్య పూజకు అద్దానికీ టైర్లకూ అందరూ బొట్లు పెడతారు. బావ కిందికి కూడా దూరి, చేత్తో తడుముకుంటూ, బుడిపె తగిలిన చోటల్లా పెడతాడు.

సిగ్గు లేకుండా సంతోషపడ్డాను. తప్పు నాది కాదు గదా. నిప్పిల్ విప్పి డీజిల్లో కడిగి, బిగించి, గ్రీసు కొట్టాను. ఈసారి లోపలికి పోయింది. బండి మెత్తగా కదిలింది.

మరునాడు ఇంటి ముందే దర్జాగా ఇంజిను వేశాను. కొంచెం కదిలించి ఆపాను. చప్పుడు లేదు.

బావ అరుగు మీద నుంచి లేచాడు. "టంగుమనేది పోయిందే."

"నీకు తెలుసా బావా?"

"సాయంత్రం మలుపులో ఆగి సందు ఎక్కుతావు గదా, ఇనపడదా? నిన్న మాత్రం ఇనపడలే."

ఎక్కేటప్పటి సంగతి నాకు తట్టనే లేదు.

"మరి అడగలేదే?"

"పొద్దున సప్పుడు సెయ్యకుండా పోతాంటివి. గుడ్డోడు ఆడ కూసోనుండాడు, నన్నూ ఎక్కించుకో అంటాడేమోనని తప్పించుకొని పోతాండావనుకొంటి. అడిగితే నీకు ఇబ్బంది గదప్పా."

పసుపు సంగతి చెప్పాలనుకున్నది వదిలేశాను. దిగి వెళ్లి ఆయన చేయి పట్టుకున్నాను.

"ఎమ్మిగనూరుకు పోదాం రా బావా. సెప్పులేసుకో."

కిందికి చూస్తే చెప్పులు వేసుకునే ఉన్నాడు. భుజాన ఉతికిన తువ్వాలు ఉంది.

"రోజూ అట్లే తయారై కూసుంటాడు" అంది అక్క, లోపల నుంచి. నేను తలెత్తలేకపోయాను.