గామా సారు కాగితాలు, ఎనిమిది జాకెట్లు

ఇప్పుడు అమీర్‌పేటలో కాగితానికి కరువు లేదు. మైత్రీవనం ముందు పది అడుగులు నడిస్తే చేతిలో పది కోచింగ్ పాంప్లెట్లు పెడతారు. నా నెరిసిన జుట్టు చూసి కూడా కంప్యూటర్ నేర్చుకోమంటారు. ఆ రోజుల్లో అలా కాదు. నాకు పంతొమ్మిదేళ్లు, సిరిసిల్ల నుంచి పెళ్లై వచ్చి ఏడాది నిండలేదు, ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. కాస్త వెడల్పుగా ఉన్న కాగితం దొరికితే చాలు, ఆ పూట అన్నం కూడా రుచిగా ఉండేది. ఎందుకంటే జాకెట్ కుట్టాలంటే ముందు పేపర్ కటింగ్ కావాలి. ముందు భాగం, వెనక భాగం, చెయ్యి, అన్నీ కాగితం మీద కత్తిరించుకుని, దాన్ని గుడ్డ మీద పరిచి చుట్టూ సుద్దతో గీసుకుంటాం. గుడ్డ పాడైతే కస్టమర్ ఊరుకోదు, కాగితం పాడైతే అడిగేవాళ్లుండరు. (అడిగే కాగితాలు కూడా ఉంటాయని అప్పటికి నాకు తెలియదు.)

మేముండేది ఒక పాత మేడలో, మెట్ల కింద గది. నిటారుగా నిలబడాలంటే గుమ్మం దగ్గరే కుదిరేది. లోపలికి పోయేకొద్దీ పైకప్పు మెట్లతో పాటే దిగుతూ వచ్చి, ఆ చివర మంచం మీద మా అత్త ముక్కుకు తగులుతుందేమో అన్నట్టుండేది. మా ఆయన పంజాగుట్టలో బట్టల దుకాణంలో పని చేసేవాడు. పగలంతా నేను, మా అత్త, ఒక కాలు పొట్టిదై తొక్కినప్పుడల్లా గజగజ వణికే కుట్టుమిషను. ఎవరు మెట్లు దిగినా చప్పుడు మా నెత్తినే పడేది. నెల తిరక్కుండానే ఆ పదిహేడు మెట్లూ నాకు కంఠతా వచ్చేశాయి. తొమ్మిదోది మేస్త్రి తప్పు వల్ల మిగతావాటికంటే ఎత్తు, అక్కడ ఎవరి అడుగైనా బరువుగా పడేది. చప్పుడు వింటూనే దిగేది ఎవరో, ఎంత కోపంగా దిగుతున్నారో చెప్పేదాన్ని. ఆ మేడలో ఒక అలవాటు ఉండేది: పాత పేపర్లు, పోయినేటి క్యాలెండర్లు నాకివ్వాలనుకున్నవాళ్లు కింది నుంచి మూడో మెట్టు మీద పెట్టి పోయేవారు. అడగడం, చెప్పడం ఏమీ లేదు. మూడో మెట్టు మీద కాగితం ఉందంటే అది నాది.

పై గదిలో గామా సారు అద్దెకుండేవాడు. ఆ పేరు పెట్టింది మా అత్త. "ఏం పని చేస్తవ్ బిడ్డా?" అని అడిగితే, "గామా కిరణాలు కొలుస్తానండీ" అన్నాడు పాపం, ఆ రోజు నుంచి గామా సారే. కోస్తా మనిషి. ముప్పై దాటినా పెళ్లి లేదు, పీహెచ్‌డీ అయ్యాకే అనేవాడు, ఆ పీహెచ్‌డీ ఏడేళ్లుగా అవుతూనే ఉంది. పంతొమ్మిదేళ్ల నన్ను "టైలరమ్మగారూ" అని పిలిచింది లోకంలో ఆయనొక్కడే. ఒకసారి ప్యాంటు అంచు కుట్టించుకోవడానికి వచ్చి కూర్చుంటే, "కొలుస్తరు, మంచిదే. టేపు యాడ పెడ్తరు సారూ?" అని అడిగాను. ఆయన నవ్వలేదు. "టేపు పెట్టడానికి ఉండదండీ. ప్రతి వస్తువులోనూ అణువులుంటాయి, అణువు నడిమధ్యలో చిన్న గింజ. ఆ గింజలో మెట్లుంటాయి. కంటికి కనబడవు. అందుకని బయటి నుంచి న్యూట్రాను అనే నలుసుని దాంట్లోకి పంపిస్తాం. అది పడగానే గింజ ఉలిక్కిపడి పై మెట్టెక్కి కూర్చుంటుంది. అక్కడ ఉండలేక దిగుతుంది. దిగిన ప్రతిసారీ ఒక గామా కిరణం బయటికొస్తుంది. ఎంత ఎత్తు దిగితే అంత బలం. ఆ బలం కొలిచి, లోపల మెట్లెక్కడున్నాయో బొమ్మ గీస్తామండీ." నేను మిషను తొక్కడం ఆపేశాను. "అంటే మీరు సుత నా లెక్కనే మెట్ల కింద కూసోని దిగెటోళ్ల చప్పుడు ఇంటున్నరు" అన్నాను. ఆయన, "ఇది నాకు ఎవరైనా ముందే చెప్పుంటే ఒక ఏడాది కలిసొచ్చేదండీ" అన్నాడు. (నాకు అర్థమైంది అంతే. ఇవాళ్టికీ అంతే.)

ఆయన దిగులంతా ఒక్క చిన్న మెట్టు గురించి. గింజ దాని మీద ఎప్పుడో తప్ప అడుగు పెట్టదట, దాటేసి దూకేస్తుందట. ఎక్కడో దూరాన, ఆ న్యూట్రాన్లు పుట్టే రియాక్టరు దగ్గర నలభై రోజులు కాపు కాస్తే, కాగితం మీద గోపురాల్లాంటి గీతల మధ్య చిటికెన వేలి గోరంత బొడిపె ఒకటి వచ్చింది. "నిజం మెట్టే అయితే రెండు చిన్న అంగలూ కలిపి పెద్ద దూకుడుకి సరిపోవాలండీ." "ముందు భాగం, వెనక భాగం కలిస్తే ఛాతీ చుట్టు రావాలె. గంతే గద సారూ? వచ్చిందా?" "వచ్చింది. కానీ మా పెద్ద సారు చూసి అవుననాలి." పెద్ద సారంటే ఆయనకు పని నేర్పిన గురువు. పంజాగుట్టలో ఆసుపత్రిలో ఉన్నాడు. రెండుసార్లు ఆపరేషన్ చేసి, ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు ఊరుకున్నారట. "కాగితాలు పట్రా, ఆ మెట్టు సంగతి తేల్చి పోతాను" అని కబురు పెట్టాడు. పోతాను అంటే ఇంటికని గామా సారు అనుకున్నాడు. నేను అలా అనుకోలేదు గానీ నోరు మూసుకున్నాను.

శ్రావణమాసం, ఎనిమిది జాకెట్లు నెత్తి మీదున్నాయి, బయట ముసురు. సాయంత్రం నాలుగింటికి గామా సారు దిగాడు. తొమ్మిదో మెట్టు దగ్గర ధన్‌మంది, చివరిదాకా వచ్చి ఆగాడు, మళ్లీ గబగబా ఎక్కాడు. (చినుకులు చూసి పాలిథిన్ కవరు కోసం వెళ్లాడని తర్వాత తెలిసింది.) తొంగి చూస్తే మూడో మెట్టు మీద కట్ట! అంచులకు చిల్లులున్న కంప్యూటర్ కాగితం, ఒకదానికొకటి అతుక్కుని చీర కుచ్చిళ్లలా మడతలు. పైగా సన్నని గళ్లు గీసి ఉంది, స్కేలు పెట్టే పని కూడా లేదు. తడుస్తుందని ఎత్తుకొచ్చి తలుపేశాను. దొంగతనం చేశానని ఎవరైనా అంటే ఒప్పుకోను, కాపాడాను. కాపాడి, కత్తెర తీశాను.

ఒంటరి మగవాడి గదిలో ఏదీ ఉండాల్సిన చోట ఉండదు, కవరు దొరికేసరికి ఆయనకు చాలాసేపు పట్టింది. దిగొచ్చి చూస్తే కట్ట లేదు. కంగారులో ఎక్కడ పెట్టాడో ఆయనకే గుర్తు లేదు. గదిలోనే మరిచానని మళ్లీ ఎక్కాడు, దిగాడు, మూల మీది జిరాక్సు కొట్టుదాకా పరుగెత్తాడు, వచ్చాడు. నాలుగోసారి దిగుతుంటే ఆ అడుగులు వింటే నాకే భయమేసి కిటికీలోంచి అడిగాను. "ఏం పోయింది సారూ?" "కాగితాలండీ టైలరమ్మగారూ. పెద్ద సారుకి చూపించాల్సినవి." "దొరుకుతయ్ తీ సారూ, ఫికర్ చేయకుండ్రి" అన్నాను, ఆరో జాకెట్ చంకవంపు కత్తిరిస్తూ. మీరు నమ్మకపోవచ్చు. కానీ మూడో మెట్టు మీదివి నావి, పోయినవి ఆయనవి. ఆ రెండూ ఒకటేనని నా బుర్రకు తట్టనే లేదు.

ఎనిమిదో జాకెట్ చెయ్యి పూర్తయ్యాక ఆయన మంచినీళ్లడగడానికి గుమ్మంలోకి వచ్చాడు. నేల నిండా ఆయన ఏడేళ్లు. అన్నిటికంటే పెద్ద గోపురం మీద నల్ల స్కెచ్ పెన్నుతో నేను రాసింది కనబడుతోంది: లక్డీకాపూల్ ఆఫీసు మేడం, చుట్టు 38. ఆయన తిట్టలేదు. తిడితే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. వంగి గుమ్మం దాటి, మా స్టూలు మీద కూర్చుని, ఒక వెనక భాగం చేతిలోకి తీసుకుని, "ఇది చాలా బాగా కత్తిరించారండీ" అన్నాడు. అంతే, నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మంచం మీద నుంచి మా అత్త, "ఏడుస్తవేందే పోరీ, కత్తిరించినదానివి అతకరాదా?" అంది. రియాక్టరు దగ్గర మళ్లీ అచ్చు తీయించవచ్చట, కానీ పోవడానికి రెండు రోజులు, రావడానికి రెండు రోజులు. పెద్ద సారు దగ్గర ఆ నాలుగు రోజులు ఉన్నాయో లేవో ఎవరికీ తెలియదు.

మా అత్త మైదా పిండి ఉడికించింది. ఏ ముక్క పక్కన ఏ ముక్క ఉండేదో నా చేతికి తెలుసు; ఏ మెడ ఎక్కడ గుండ్రంగా తిప్పానో, ఏ చంక ఎక్కడ లోతుగా తీశానో చెప్తూ పోతుంటే, గామా సారు గీతకు గీత కలిపి అతికించాడు. ఎనిమిది గంటలకల్లా గుమ్మం నుంచి అత్త మంచం దాకా కాగితం పరుచుకుంది. లెక్క చూస్తే ఎనిమిది ముందు భాగాలు, ఎనిమిది వెనక భాగాలు, ఏడు చేతులు. ఎనిమిదో చెయ్యి లేదు. ఆయన ఖాళీ జాగా మీద వేలు పెట్టి, "బొడిపె ఇక్కడుండాలండీ" అన్నాడు. మంచం ఎత్తాం, బియ్యం డబ్బా వెనక చూశాం, చెత్తబుట్ట నేల మీద గుమ్మరించాం. "అత్తా, నువ్వేమన్న చూసినవా?" "నీ కత్తెర కింది కాగితం నన్నడుగుతవేందే? నాకేం ఎర్క?" అంది.

మర్నాడు నేను కూడా ఆటో ఎక్కాను, తప్పు నాదని చెప్పాలి కదా. పెద్ద సారు దిండుకు అతుక్కుపోయి ఉన్నాడు, చేతులు వెదురు పుల్లల్లా. కాగితం ఆయన దుప్పటి మీద పరిచాం. చాలాసేపు చూసి, "చుట్టు ముప్పై ఎనిమిదా? ఇదేం మూలకమయ్యా?" అన్నాడు. నర్సు కూడా నవ్వింది. నేను మాత్రం ఏడ్చేశాను. తర్వాత ఆయన వేలు ఒక్కో గోపురం మీదా ఆగుతూ వచ్చి ఆ ఖాళీ దగ్గర నిలిచింది. "చిన్న మెట్టేదీ?" నేనే అన్నాను: "ఉన్నది సారూ. ఈ సారు చప్పుడు ఇన్నడు. పోగొట్టింది నేను." పెద్ద సారు నా వైపు తిరిగి, "విన్నాడమ్మా, నేను నమ్ముతాను. కానీ నమ్మకం కాగితం మీదికెక్కదు కదా" అన్నాడు నెమ్మదిగా. శిష్యుడితో, "ఆ మెట్టుని నిండు గీతతో వెయ్యకు. చుక్కలతో వెయ్యి. ఉందేమో అని అర్థం" అన్నాడు. ఆ ఆదివారమే పోయాడు.

గామా సారు రియాక్టరు దగ్గరికి పోయి వచ్చాడు. అక్కడ ఆ కొలతలు దాచిన కంప్యూటర్ టేపు మీద ఇంకెవరివో కొలతలు ఎక్కించేశారట, మళ్లీ న్యూట్రాన్ల కోసం వంతు రావాలంటే ఏళ్లు పడుతుందట. పీహెచ్‌డీ కోసం రాసిన పుస్తకంలో చుక్కల గీతే వేశాడు. పీహెచ్‌డీ ఇచ్చారు, అది వేరే సంగతి. గది ఖాళీ చేస్తూ పాత పేపర్ల కట్ట ఒకటి మూడో మెట్టు మీద పెట్టి, ఈసారి నా తలుపు కొట్టి, "ఇవి నిజంగా మీకేనండీ" అని చెప్పి వెళ్లాడు. ఏ ఊరు పోయాడో నేను అడగలేదు. అడిగే మొహం నాకు లేదు.

పన్నెండేళ్ల తర్వాత ఆ మేడ కూల్చేస్తామంటే మేం ఎర్రమంజిల్ వైపు మారాం. హమాలీలు మిషను ఎత్తితే, పొట్టి కాలి కింద నాలుగు మడతల కాగితం. అప్పుడు గుర్తొచ్చింది, ఆ సాయంత్రం తర్వాత మిషను వణకడం మానేసింది. మా అత్త పెట్టిందే. అబద్ధమాడిందో, నిజంగానే మరిచిపోయిందో అడుగుదామంటే అప్పటికి ఆమె పోయి రెండేళ్లు. విప్పి చూస్తే ఒక చెయ్యి. నడుమ గోరంత బొడిపె, దాని చుట్టూ పెన్సిల్ సున్నా. పన్నెండేళ్లు దాని మీదే కూర్చుని, తొక్కి, ఊరందరి జాకెట్లూ కుట్టాను.

ఇప్పుడుండే ఇంట్లో లిఫ్టుంది, దిగేవాళ్ల చప్పుడు వినబడదు. ఆ చెయ్యి ఒక ప్లాస్టిక్ కవర్లో, దేవుడి పటాల వెనక ఉంది. అప్పుడప్పుడు తీసి చూస్తే, కత్తెర ఆడిస్తూ కిటికీలోంచి ధీమాగా మాట్లాడిన ఆ పంతొమ్మిదేళ్ల పిల్ల కళ్లముందుకొస్తుంది. దాన్ని తిడదామని నోరు తెరుస్తాను, నవ్వొస్తుంది. పాపం, అది చెప్పిన మాట తప్పలేదు. దొరుకుతయ్ తీ సారూ అంది. దొరికింది.