మునెమ్మత్త చేతి చలవ

నిన్న పక్క చేనిలో వంగకు మందు చల్లుతున్నారు. గాలి ఇటు తిరగగానే ఆ ముక్కిపోయిన వాసన గొంతు పట్టుకుంది. లోపలికొచ్చి తలుపు వేసుకున్నాను. ఆ వాసనకు మునెమ్మత్త గుర్తొస్తుంది. గుర్తొస్తే నా తల లేవదు. నాకు రాత సరిగా రాదు, చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

మునెమ్మత్త నాకు సొంత అత్త కాదు. స్వర్ణముఖి ఒడ్డున మా గట్టుకు అవతలి చేను వాళ్లది. కొత్త కోడలిగా వచ్చిన నాకు సేద్యం నేర్పింది ఆమే. మట్టిపెళ్ల చిదిపి, వానపాము కనబడితేనే "ఇంగ పెట్టు" అనేది. వంగకు పురుగు పడితే తెల్లారి మంచు ఆరకముందే చేటతో బూడిద చల్లించేది. ఆమె చేతికి చలవ ఉందని ఊరి నమ్మకం. ఎవరు విత్తినా తాంబూలం ఇచ్చి, మొదటి గింజ ఆమె చేత వేయించేవారు. "పేడ మీది, నీళ్లు మీవి, పేరు మాత్రం నాకా!" అని నవ్వేది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు మా ఆయన తిరుపతి నుంచి పురుగుమందు తెచ్చాడు, ఇదే ముక్కిపోయిన వాసన కొట్టే తెల్లపొడి. "చిటికెడు చాలంట, ఎక్కువ ఎయ్యబాక" అన్నాడు. బూడిదకు అలవాటుపడిన చేతికి చిటికెడు ఆనుతుందా? చేటతోనే చల్లాను. మిగిలింది కాలవలో పారబోసి, చేట కూడా అందులోనే కడిగాను. ఆ కాలవ పారేది మునెమ్మత్త దోస పాదులకు.

మా వంగలో పురుగు మాడిపోయింది. మురిసిపోయాను. నాలుగు రోజులకు మడి నిండా వానపాములు పైకొచ్చి చచ్చిపడి ఉన్నాయి. ఎవరూ చూడకముందే మన్ను కప్పాను. మరుసటి ఏడు ఆ మడి పెంకులా గట్టిపడి పైరు మోకాలెత్తు కూడా లేవకపోతే, మా ఆయన ఎండను తిట్టుకున్నాడు.

నేను మందు చల్లిన ఆ పంటలోనే, అవతల మునెమ్మత్త దోస మొలకలు వంకర తిరిగి, వేళ్లు లావెక్కి ఆగిపోయాయి. పీకేసి మళ్లీ పెట్టింది. మళ్లీ అంతే. ఒక మొలకను అరచేతిలో పెట్టుకుని గట్టు మీదికి వచ్చింది.

"సూడమ్మే, రెండుతూర్లు ఇట్లే వచ్చినాది. నా చెయ్యి చెడిపోయినాది."

"విత్తనం పాతదేమో అత్తా."

"ఆ విత్తనమే గదా నీకూ ఇచ్చినాను? నీ పెరట్లో తీగ బాగా పారతా ఉండాదే!"

ఆ గింజలు తాగింది నా చేట కడిగిన నీళ్లేనని నాకు అప్పుడే తెలిసిపోయింది. మా ఆయన తిడతాడని, ఊరు నవ్వుతుందని నోరు మూసుకున్నాను.

తర్వాతి పంటకు తాంబూలం తెచ్చినవాళ్లను ఆమె వాకిట్లోనే ఆపింది. "నా చేత్తో వద్దు నాయనా, మీ కడుపు కొట్టలేను. గట్టవతల ఉండే ఆ పాపను పిలుసుకోండి."

పిలిచారు. నేను వెళ్లాను. పసుపు కుంకుమ అందుకుని మొదటి గింజ వేశాను. ఏటేటా వేశాను. ఆమె గట్టు మీద నిలబడి "లోతుగా పెట్టబాకమ్మే" అని అక్కడి నుంచే చెప్పేది.

మా ఆయన పోయాక నన్ను పిలవడం మానేశారు. బంగారంలాంటి చెయ్యి అని ఆడవాళ్లు కళ్లొత్తుకుంటే నేనూ ఒత్తుకున్నాను. లోపల మాత్రం బరువు దిగినట్టే అనిపించింది. ఆ వారమే మునెమ్మత్త గంజి తెచ్చి, నా పక్కన కూర్చుని, నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఊరు ఏమన్నా అనుకోనీ. ఈ చేతి చలవ యాడికీ పోదులేమ్మే" అంది.

అప్పుడూ నేను చెప్పలేదు.